పోలండు పెదనాన్న, పెరూ చెల్లెలు

మా ద్వారకనాథ్‌కు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషితో వరస కలపకుండా మాట్లాడలేడు. అన్నో, అక్కో, మామో, బావో, ఏదో ఒకటి తేలాలి. తేలేదాకా ఆయనకు నోట మాట రాదు. తేలిన తరువాత ఆగదు.

ఊళ్ళో ఉంటే ఇది జబ్బుగా కనిపించదు. ఆయన సొంత ఊరు అత్తిమంజేరిపేటలో అందరికీ ఉన్న అలవాటే. ఆయన చేసిన తప్పల్లా ఆ అలవాటును ఒక విశ్వవిద్యాలయానికి, అందులోనూ విదేశీ అతిథుల విభాగానికి తీసుకురావడం.

మా విశ్వవిద్యాలయం తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో ఒక ఇటుకల బట్టీకీ, ఒక లారీ షెడ్డుకీ మధ్య ఉంటుంది. ప్రపంచ స్థాయి అని గేటు మీద రాసి ఉంది కాబట్టి నమ్మక తప్పదు. లోపల రకరకాల దేశాల జెండాలు ఎగురుతుంటాయి. ఎండకు అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. ప్రపంచ సమైక్యతను ఇంత చవకగా సాధించిన సంస్థ మరొకటి లేదు.

అక్కడ తెలుగు శాఖ నేనే. శాఖలో ఒకణ్ణి కాదు, శాఖే నేను. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో తమిళం చదువుకుని, మా దగ్గరికి కంప్యూటర్ల కోసం వస్తారు. ఇంత తీరిక ఒక మనిషికి మంచిది కాదని రిజిస్ట్రార్ ధర్మలింగం గారు నన్ను అతిథి గృహానికి ఇన్‌చార్జి చేశారు. అట్లా అక్కడ అతిథుల బాగోగులు చూసే ద్వారకనాథ్ చేతిలో పడ్డాను. మొదటి రోజే "రా బావా, కూర్చో" అన్నాడు.

నాకు అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళి కాలేదు. ఏ లెక్కన బావనయ్యానని అడిగాను.

"ఆ లెక్క నాకు తెలుసులే" అన్నాడు.

విదేశం నుంచి ఎవరు వచ్చినా చెన్నై విమానాశ్రయానికి ద్వారకనాథే పోవాలి. కారు గేటు దాటకముందే మొదలుపెడతాడు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు? అమ్మ ఉందా? నాన్నకు తోడబుట్టినవాళ్ళు ఎందరు? వీసా ఇచ్చే ఆఫీసులో కూడా ఇంత విచారణ ఉండదు. వచ్చినవాడు పాపం 'అంకుల్' అంటాడు.

"అంకుల్ అంటే చాలదు సార్. అమ్మ పక్కా, నాయన పక్కా?"

రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన మేధావి, మేనత్తకూ పిన్నికీ తేడా ఏమిటో ఆలోచించుకుంటూ పూందమల్లి దాటుతాడు. తిరువళ్ళూరు రాకముందే వరస ఖాయమైపోతుంది. మారదు.

పోలండు నుంచి నదుల మీద పరిశోధనకు ప్రొఫెసర్ విటోల్డ్ వచ్చాడు. పొడుగ్గా, పాలరాయిలా ఉండేవాడు. దారిలోనే పెదనాన్న అయిపోయాడు. తామరైపాక్కం ఆనకట్ట దగ్గర ఆయన నీటిమట్టం చూస్తుంటే రైతులు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"మా పెదనాయన" అన్నాడు ద్వారకనాథ్.

రైతులు పెదనాయనను చూశారు. ద్వారకనాథ్ రంగు చూశారు.

"ఎండ పొడ తగలకుండా పెంచినట్టుండారే" అన్నాడు ఒక ముసలాయన.

విదేశీయులు వచ్చిన కొత్తలో పోలీసు విచారణ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిరగేసి అడిగాడు.

"ఈయన మీకు ఏమవుతాడు?"

"పెదనాయన సార్."

"ఇక్కడ పోలండు అని ఉందే?"

"అవును సార్. అక్కడే ఉంటాడు."

ఇన్‌స్పెక్టర్ కాగితాలు మూశాడు. పక్కనున్న కానిస్టేబుల్‌తో "పెద్ద కుటుంబం" అన్నాడు.

ఘానా నుంచి వచ్చిన క్వాబెనా తమ్ముడయ్యాడు. తమ్ముడంటే తిట్టే హక్కు వస్తుంది. ద్వారకనాథ్ ఆ హక్కును ఒక్క పూట కూడా వృథా చేయలేదు. "ఏందిరా ఇంకా లేయలేదా? ఆ సెల్లు పక్కన పెట్రా. తలకు నూనె పెట్టినావా?" అతిథి గృహం వరండాలో రోజూ ఇదే సుప్రభాతం. రెండు ఖండాలలో డాక్టరేట్లు తీసుకున్న మనిషి తలవంచుకుని "సారీ అన్నా" అనేవాడు. ఇతన్ని తిట్టడానికే ప్రభుత్వం వీసా ఇచ్చిందేమో అని నాకు అనుమానం వచ్చేది.

అసలు ముప్పు హాలండు ప్రొఫెసర్ హెండ్రిక్‌తో వచ్చింది. ఆయన నవ్వడు. నవ్వడం ఏదో ఒప్పందంలో నిషేధించినట్టు ఉండేవాడు. ద్వారకనాథ్ ఆయనను బావ చేశాడు.

అది ఆడి నెల, తమిళుల ఆషాఢం. పాండూరులో అమ్మవారి తిరునాళ్ళ చివరి రోజు. వరసైన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు మంజనీళ్ళు, అంటే పసుపు నీళ్ళు కుమ్మరించే రోజు. పోసినవాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు. హెండ్రిక్ తెల్ల సూటు వేసుకుని సెమినార్‌లో ప్రారంభోపన్యాసం ఇవ్వడానికి వస్తున్నాడు. గుంపులో కారు ఆగింది. ద్వారకనాథ్ అద్దం దించాడు.

"ఎవురన్నా ఈ దొర?" అని అడిగింది ఒకామె.

"దొర గాదమ్మా. నాకు బావ."

అంతే. తరతరాలుగా ఒక డచ్చి బావ కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకొచ్చారు. ఆ ఉదయం వాతావరణ మార్పుల గురించి మాట్లాడిన మనిషి తల నుంచి బూట్ల దాకా పసుపుగా ఉన్నాడు. శ్రోతలు ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.

హెండ్రిక్ ఫిర్యాదు పొడుగ్గా ఉంది. సూటు గుడ్డ ఏ దేశానిదో కూడా రాశాడు.

ధర్మలింగం గారు ద్వారకనాథ్‌ను పిలిపించారు. నన్ను కూడా. తిట్లు తినేటప్పుడు సాక్షి ఉండాలని ఆయన పద్ధతి.

"ఎన్నయ్యా ఇదు? ఇది యూనివర్సిటీనా, నీ ఇంటి పెళ్ళా? ఇకమీద వచ్చినవాళ్ళంతా సార్, మేడం. వరస అని ఒక్క మాట వినపడిందా, నిన్ను పరీక్షల విభాగంలో జవాబు పత్రాల మూటలు కట్టేదానికి పంపిస్తా. సరియా?"

"సరి మామా" అన్నాడు ద్వారకనాథ్.

ధర్మలింగం గారు కళ్ళజోడు తీశారు.

"సార్" అన్నాడు ద్వారకనాథ్.

ఇట్లాంటి సమయంలో మరిసోల్ వచ్చింది. పెరూ కొండల్లో పుట్టి పెరిగి, నేత మీద పుస్తకం రాస్తున్న మనిషి. పళ్ళిపట్టు వైపు లుంగీలు నేసే గుంత మగ్గాల దగ్గర కూర్చుని, నేసేవాళ్ళతో పాటు నేసి రాయాలని ఆమె ఉద్దేశం. వెంట చిన్న కూతురు కిల్యా. ఆ పిల్ల జుట్టు పుట్టినప్పటి నుంచి కత్తెర ఎరగదు. నడుము దాకా చిక్కులు పడి, ఒక చిన్న పొద నడిచి వచ్చినట్టు వచ్చింది.

స్వాగతానికి పెరూ జెండా దొరకలేదు. ధర్మలింగం గారు దిగులు పడలేదు. ఆస్ట్రియా జెండాలో ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీలు అడ్డంగా ఉంటాయి. దాన్ని తిప్పి నిలువుగా కట్టించారు. పెరూ అయిపోయింది.

విమానాశ్రయానికి ద్వారకనాథ్‌తో నన్ను కాపలాగా పంపారు. కారు కదిలింది. అడగకూడదని ఆర్డరులో లేదు కాబట్టి అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరు మేడం?"

"అమ్మ. నేను. కిల్యా" అంది ఇంగ్లీషులో.

"అన్నదమ్ములు?"

"ఒక అన్న ఉండేవాడు."

ద్వారకనాథ్ నోరు తెరిచాడు. నన్ను చూశాడు. మూశాడు.

"వెల్‌కం మేడం" అన్నాడు.

తరువాత ఆయన్ను చూడలేకపోయాను. మేడం అన్న మాటను వేపాకు నమిలినట్టు అనేవాడు. కిల్యా ఎదురైతే "గుడ్ మార్నింగ్ బేబీ మేడం" అని పక్కకు తప్పుకునేవాడు. ఆ పిల్ల బెదిరి తల్లి వెనక దాక్కునేది. ఆయన భార్య చెంగమ్మ ఒకరోజు నన్ను ఆపింది.

"అన్నా, మీ ఆఫీసులో ఏం చేసినారు ఈ మనిషిని? అన్నం పెడితే 'చాలు మేడం' అంటాడు. నేను ఈయనకు పెళ్ళాన్నా, ఆఫీసరునా?"

మరిసోల్‌ను ఊళ్ళకు తీసుకుపోవడం కూడా ద్వారకనాథ్ పనే. నేనూ కారులో ఉండేవాణ్ణి. ప్రతి ఇంటి ముందు ఒకటే జరిగేది.

"ఎవురీమె?"

"యూనివర్సిటీ గెస్టు."

"ఓ, గెస్టా!"

వెంటనే వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ పడేది. ఒక కలర్ సోడా వచ్చేది. అందరూ చుట్టూ నిలబడి ఆమె తాగడం చూసేవారు. తాగాక సెలవు. మగ్గం లోపలి గదిలో, దేవుడి పటాల పక్కన, పొయ్యికి ఇవతల ఉంటుంది. గెస్టులు అంతవరకూ పోరు. ఆ ప్రాంతంలోని ప్లాస్టిక్ కుర్చీల మీద మరిసోల్ సాధికారంగా ఒక పుస్తకం రాయగలిగే స్థితికి వచ్చింది. మగ్గం గుంతను మాత్రం ఒక్కదాన్నీ చూడలేదు. కిల్యా నాలుక శాశ్వతంగా నారింజ రంగుకు తిరిగింది.

అక్కడే చిక్కు వచ్చింది. ఆమెది పరిశోధన వీసా. పొడిగించాలంటే పని సాగుతోందని రిజిస్ట్రార్ రాసివ్వాలి. పని అంటే మగ్గం. మగ్గం లేదు. ధర్మలింగం గారు ఊరికే రాసిచ్చే మనిషి కాదు.

"చూపించండి మేడం, రాస్తాను. చూపించకుంటే నెలాఖరుకు టికెట్టు చూసుకోండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆయన మర్యాదకు ఎదుటివాళ్ళకు జ్వరం వస్తుంది.

చివరి ప్రయత్నంగా అత్తిమంజేరిపేట పోయాం. ద్వారకనాథ్ సొంత ఊరు. సరసమ్మ ఇంటి ముందు ఆగాం. ఆమె ఆ వీధిలో పెద్ద నేతగత్తె. ద్వారకనాథ్‌ను ఎత్తుకుని తిప్పిన మనిషి. మామూలుగా కుర్చీ వచ్చింది. సోడా వచ్చింది. కిల్యా సీసాను చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"ఎవురు ద్వారకా ఈ బిడ్డతల్లి?"

"గెస్టు అత్తా."

"గెస్టంటే?"

"యూనివర్సిటీకి వచ్చింది."

"అది సరే. నీకేమవుతాది?"

ద్వారకనాథ్ నుదుటి మీద చెమట పట్టింది. నన్ను చూశాడు. ధర్మలింగం గారి కళ్ళూ చెవులూ నేనే కదా. నేను సోడా సీసా మీద ఏం రాసి ఉందో చదువుతున్నాను. దాని మీద ఏమీ రాసి లేదు.

"నువ్వు ఎవుర్ని తెచ్చినా ఏదో ఒగ వరస చెప్తావు గదరా" అంది సరసమ్మ. "ఆ పొడుగాయన్ని పెదనాయనంటివి. నల్లబ్బోణ్ణి తమ్ముడంటివి. ఈ ఆడబిడ్డ ఏం పాపం చేసింది? ఎవురికీ ఏమీ కానిదాన్ని ఇంట్లోకి ఎట్ల రమ్మనేది?"

ద్వారకనాథ్ లేచి నిలబడ్డాడు. మూటలు కట్టడానికి సిద్ధమైన మనిషిలా భుజాలు సర్దుకున్నాడు.

"నా చెల్లెలు" అన్నాడు.

"అది ముందే చెప్పేదానికి నోరు నొప్పా?" సరసమ్మ కుర్చీని ఒక్క తోపుతో గోడకు చేర్చింది. "రామ్మా, లోపలికి రా. చుమ్మా ఊరికే నిలబడొద్దు. కాళ్ళు కడుక్కో."

మరిసోల్ లోపలికి పోయింది. గుంతలోకి దిగింది. ఇక బయటికి రాలేదు. మధ్యాహ్నం లోపల నుంచి మగ్గం చప్పుడు తప్పటడుగులు వేస్తూ వినిపించింది. మధ్యమధ్య సరసమ్మ తిట్లు వినిపించాయి. చెల్లెలు వరసకు తిట్లు కూడా కలిసి వస్తాయి.

సాయంత్రం బయటికి వచ్చిన సరసమ్మ కిల్యాను ఒడిలోకి లాక్కుంది.

"ఆమె నీకు చెల్లెలైతే, దీనికి నువ్వు మేనమామవి. మేనమామ బతికి ఉండగా పిల్లకు ఈ చిక్కుల తలేందిరా? తిరుత్తణి కొండ ఎంత దూరం?"

ఏమంటోందని మరిసోల్ అడిగింది. మా వైపు పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తల గొరిగించి మొదటి మొట్టై చేయిస్తారని, ఆ జుట్టు దేవుడికి ఇస్తారని చెప్పాను. ఆమె కిల్యా జుట్టును చేతిలోకి తీసుకుంది.

"మా ఊళ్ళో కూడా మొదటి పాయ కోయవలసింది తల్లి తోడబుట్టినవాడే" అంది. "అందుకే ఇది ఇట్లా పెరుగుతోంది."

అన్న ఏమయ్యాడని ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం కొండకు పోయాం. చెంగమ్మ కొత్త గౌను కుట్టించి తెచ్చింది. తలనీలాలు ఇచ్చే మండపంలో దేవేంద్రన్ అనే క్షురకుడు కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"తాయ్‌మామన్, మేనమామ ఎవురు?"

"నేనే" అన్నాడు ద్వారకనాథ్. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేవాళ్ళు కూడా అంత గట్టిగా అనరు.

కిల్యా కత్తిని చూసింది. కొండ అదిరేలా అరిచింది. తనకు వచ్చిన ఒకే తెలుగు మాటను ద్వారకనాథ్ నెత్తి వైపు వేలు చూపించి వాడింది.

"నువ్వు!"

ద్వారకనాథ్ జుట్టు గురించి చెప్పాలి. ఆయన వయసుకు అంత నల్లటి జుట్టు ప్రకృతిలో ఉండదు. కొబ్బరినూనె, పక్క పాపిడి, జేబులో దువ్వెన. మా విశ్వవిద్యాలయంలో క్రమం తప్పకుండా నిర్వహణ జరిగే కట్టడం అదొక్కటే. ఆయన దువ్వెన తీసి చెంగమ్మ చేతికి ఇచ్చాడు. కత్తి కింద కూర్చున్నాడు.

మామ తల నున్నగా మెరవడం చూసి కిల్యా నవ్వింది. వచ్చి ఒడిలో కూర్చుంది. మొదటి పాయ మాత్రం మేనమామే కోయాలని మరిసోల్ గుర్తు చేసింది.

"లేదు లేదు" అన్నాడు దేవేంద్రన్. "ఈడ కత్తెర నేను తప్ప ఎవురూ ముట్టుకోగూడదు."

"దేవేంద్రా, మీ ఊరు యాడ? మీ అమ్మ పేరేంది?" అన్నాడు ద్వారకనాథ్.

వస్తున్నదేమిటో దేవేంద్రన్‌కు అర్థమైంది. మాట్లాడకుండా కత్తెర ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున ధర్మలింగం గారి గదిలో నిలబడ్డాం.

"తిరుపతియా, తిరుత్తణియా?" అన్నారు ద్వారకనాథ్ తల చూసి.

"తిరుత్తణి సార్."

"మొక్కా?"

"లేదు సార్. మేనకోడలికి మొట్టై."

"ఏ మేనకోడలు?"

అప్పుడే తలుపు తోసుకుని మరిసోల్, వెనకే ఇంకో నున్నటి తల లోపలికి వచ్చాయి. ధర్మలింగం గారు ఒక గుండు నుంచి ఇంకో గుండుకు చూశారు. పరిశోధన చేయకుండానే ఆయనకు అంతా తెలిసిపోయింది.

మరిసోల్ మూరెడు లుంగీ గుడ్డ బల్ల మీద పరిచింది. వంకరగా ఉంది. ఆమె సొంతంగా నేసిందని ఆ వంకరే చెబుతోంది. ధర్మలింగం గారు గుడ్డను అటూ ఇటూ తిప్పి, వీసా కాగితం మీద సంతకం పెట్టారు. కలం మూయలేదు.

"ఇంకో సంగతి మేడం. ఈయన ఆర్డరు మీరి మిమ్మల్ని చెల్లెలు అన్నాడు. మీకు ఏమైనా ఫిర్యాదు ఉందా?"

"ఉంది" అంది మరిసోల్.

ద్వారకనాథ్ గుండు మీద చెమట పట్టింది. దాచడానికి జుట్టు లేదు.

"వచ్చినప్పటి నుంచి ఈయన నన్ను మేడం అన్నాడు. మా దేశంలో పోలీసులు పిలుస్తారు అట్లా. ఎందుకు అన్నాడో విచారించండి."

ధర్మలింగం గారు విచారించలేదు. ఎవరు అనమన్నారో ఆయనకు బాగా గుర్తుంది. ఈలోగా కిల్యా బల్ల దగ్గరికి పోయి, ఆయన వైపు వేలు చూపించి, ఎవరన్నట్టు మేనమామ ముఖం చూసింది. ద్వారకనాథ్ అలవాటు కొద్దీ లెక్క వేశాడు.

"తాత."

"తాతా?" ధర్మలింగం గారు కుర్చీలోంచి లేచారు. "నాకు ఇంకా సర్వీసు ఉందయ్యా!"

కొంత బేరం జరిగింది. పెద్దమామ దగ్గర తెగింది. ఆ సాయంత్రమే కొత్త ఆర్డరు వచ్చింది. ఇకమీద అతిథులతో వరసలు రిజిస్ట్రార్ ముందస్తు అనుమతితో మాత్రమే కలపాలి. ప్రపంచ స్థాయి అంటే ఇదే.

గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ద్వారకనాథ్ మాటిమాటికీ పాపిడి సర్దుకోబోయి గుండు తడుముకుంటున్నాడు.

"కారు ఎక్కగానే ఇంట్లో ఎవరున్నారో ఎందుకు అడుగుతావు?" అన్నాను. "చుట్టరికం వెతకడానికి పెరూ దాకా పోవాలా?"

"ఎవురు ఉండారో తెలుసుకునేదానికి గాదు బావా. ఎవురు లేరో తెలుసుకునేదానికి."

టీ ఊదుకున్నాడు.

"ఆ పోలండాయనకు బిడ్డలు లేరు. నాయనా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పెదనాయనా అంటే నవ్వుతాడు. ఘానా పిల్లోడు ఇంటికి పెద్దోడు. అందరికీ బుద్ధి చెప్పి చెప్పి అలిసిపోయినాడు. ఒగడన్నా వాణ్ణి తిట్టాల గదా, పావం. హాలండాయన నవ్వు మర్చిపోయినాడు. బావైతే నవ్వుతాడనుకున్నా. అది మాత్రం లెక్క తప్పింది."

నేను గ్లాసు కింద పెట్టాను. ఎన్నాళ్ళుగానో ఆగిన ప్రశ్న.

"మరి నన్ను బావ ఎందుకు చేశావు? నాకు ఎవరు లేరని?"

ద్వారకనాథ్ నా గ్లాసు కూడా తీసుకుని కొట్టువాడికి ఇచ్చాడు.

"నీ నోటికి బావమరిది తప్ప ఇంకెవుడు తట్టుకుంటాడు బావా?"